తెడ్డు పట్టకముందే తేలవలసిన లెక్క

భారతదేశంలో నదీ విహారం రూపు మారుతోంది. లాంచీ ప్రయాణాలకు, పుణ్యస్నానాలకు, చేపల వేటకు నెలవైన నదీ తీరాలకు ఇప్పుడు కయాక్‌లు, కనోలు వచ్చి చేరుతున్నాయి. కేరళలోని కోజికోడ్ జిల్లాలో చాలిపుళ, ఇరువంజిపుళ నదులపై వానాకాలంలో జరిగే మలబార్ రివర్ ఫెస్టివల్‌కు విదేశీ క్రీడాకారులు తరలివస్తున్నారు. మేఘాలయలో ఉమ్‌గోట్ నది, కర్ణాటకలో దాండేలి వద్ద కాళీ నది, తెలంగాణలో వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయం వారాంతపు యాత్రికులను ఆకర్షిస్తున్నాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల కనో డబుల్స్ 1000 మీటర్ల పోటీలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జోడీ కాంస్య పతకం సాధించింది. 2025 ఆగస్టులో శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో తొలి ఖేలో ఇండియా జలక్రీడోత్సవం జరిగింది. ఈ రెండూ జలక్రీడల పట్ల ఆసక్తికి మరింత ఊపునిచ్చాయి.

ఈ ఆసక్తి హర్షించదగినదే. అయితే పోటీలు జరిగే చోట రక్షక పడవలు, శిక్షకులు, వైద్యులు సిద్ధంగా ఉంటారు. ఊరి పక్క నదిలో నలుగురు మిత్రులు ఒక ఆదివారం ఉదయం పడవలు దించితే వారి వెంట ఎవరూ ఉండరు. అక్కడ వారి ప్రాణాలకు పూచీ వారు ముందుగా సేకరించుకున్న సమాచారమే. ఆ సమాచారం వారికి సకాలంలో అందే ఏర్పాటు దేశంలో ఏ మేరకు ఉందన్నదే నేడు పరిశీలించవలసిన అంశం.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో నీట మునిగి మరణించినవారు 38 వేలకు పైగా ఉన్నారు. వీరిలో అత్యధికులు విహారానికి వెళ్లినవారు కారు. స్నానానికి దిగినవారు, వాగు దాటబోయినవారు, ఆడుకుంటూ నీటిలో పడిన పిల్లలు వీరిలో ఎందరో ఉన్నారు. ఈ మరణాలు దైవికమైనవి కావనీ, నివారించదగినవేననీ ప్రపంచం గుర్తించడానికి చాలా కాలం పట్టింది. దక్షిణాసియాకు చెందిన బంగ్లాదేశ్ ఐర్లాండ్‌తో కలిసి చొరవ చూపగా, 2021 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ ఏటా జూలై 25ను నీట మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది. వినోదం కోసం నదిలోకి వెళ్లేవారి భద్రతను కూడా ఈ విశాల నేపథ్యంలోనే చూడాలి.

దోనెకు, కయాక్‌కు తేడా

కయాక్‌లో ప్రయాణికుడు కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాడు. రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో ఇరువైపులా నీటిని తోస్తాడు. కనోలో మోకాళ్లపైనో, కాస్త ఎత్తైన పీటపైనో కూర్చుని, ఒకే కొసన ఆకు ఉన్న తెడ్డును వాడతాడు. పేర్లు కొత్తవైనా ఈ పద్ధతులు మన నదులకు కొత్త కావు. గోదావరిపై దోనె, కృష్ణపై పుట్టి, కావేరిపై పరిసల్ తరతరాలుగా ఇదే పని చేస్తున్నాయి.

తేడా పడవలో లేదు, పడవ నడిపే మనిషిలో ఉంది. దోనె నడిపే జాలరికి ఆ నది పుట్టినప్పటి నుంచీ పరిచయం. ఏ మలుపులో సుడి తిరుగుతుందో, ఏ పాయలో ఇసుక మేట వేసిందో, నీరు ఏ రంగులోకి మారితే ఎగువన వాన పడినట్టో అతనికి తెలుసు. పట్నం నుంచి వచ్చిన కయాకర్‌కు మంచి పడవ ఉండవచ్చు, మంచి జాకెట్ ఉండవచ్చు; ఈ పరిచయం మాత్రం ఉండదు. ప్రయాణ ప్రణాళిక అంటే ఆ లోటును వీలైనంత మేరకు పూడ్చుకోవడమే. అందుకే నది గురించి తెలిసిన స్థానికుడిని వెంట తీసుకువెళ్లడం, అది కుదరకపోతే బయలుదేరే ముందు రేవులో ఉన్న జాలరులను అడిగి తెలుసుకోవడం అన్ని జాగ్రత్తల్లోకీ మొదటిది.

నీరు ఎక్కడి నుంచి వస్తోంది

భారతదేశంలో చాలా నదులు ఇప్పుడు ఆనకట్టల చేతిలో ఉన్నాయి. నది ప్రశాంతంగా కనిపించడం వెనుక ఎగువన తలుపులు మూసి ఉండటం కారణం కావచ్చు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లా థలౌట్ వద్ద జరిగిన దుర్ఘటనను తెలుగువారు మరచిపోలేరు. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు బియాస్ నదిలోని రాళ్లపైకి దిగి ఉండగా, ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి విడుదలైన నీరు వారిని ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు ప్రాణాలు కోల్పోయారు. వారు పడవ ఎక్కలేదు, ఈత కొట్టడానికీ దిగలేదు. ఎగువన నీరు విడుదలవుతున్న సంగతి దిగువన ఉన్నవారికి సకాలంలో చేరకపోవడమే వారి పాలిట మృత్యువైంది.

ఇదే సూత్రం మరోలా పనిచేసే చోట్లూ ఉన్నాయి. దాండేలి వద్ద కాళీ నదిలో పడవ విహారం ఎగువనున్న సూపా జలాశయం నుంచి వచ్చే నీటిపై ఆధారపడి ఉంటుంది. నీరు వదలనప్పుడు రాళ్లు బయటపడతాయి, వదిలినప్పుడు ప్రవాహం ఉరకలెత్తుతుంది. అంటే ఒకే నది ఒకే రోజున ఉదయం ఒకలా, మధ్యాహ్నం మరోలా ఉండగలదు. నిన్న వెళ్లివచ్చినవారి అనుభవం నేటి ప్రయాణానికి హామీ కాబోదు.

హిమాలయ నదుల్లో ముప్పు సరిహద్దులు దాటి వస్తుంది. 2025 జూలై 8న నేపాల్, చైనా సరిహద్దులోని రసువాగఢి వద్ద భోటేకోశీ నదికి ఆకస్మికంగా వచ్చిన వరద రెండు దేశాలను కలిపే మైత్రీ వంతెనను తుడిచిపెట్టింది. ఎగువన హిమానీనదంపై ఏర్పడిన సరస్సు ఖాళీ కావడమే దీనికి కారణమని నిపుణులు గుర్తించారు. ఆ నీరు దిగువకు చేరేది త్రిశూలి నదిలోకి. నేపాల్‌లో రాఫ్టింగ్‌కు, కయాకింగ్‌కు పేరుపొందిన నది అదే. స్థానికంగా వాన లేకపోయినా నది పొంగగలదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

గోదావరి చెప్పే పాఠం

తెలుగు నేలపై ఈ విషయాన్ని గోదావరి మరింత వివరంగా బోధిస్తుంది. భద్రాచలం నుంచి కూనవరం మీదుగా పాపికొండల వరకు సాగే నదీ భాగం శీతాకాలంలో అత్యంత మనోహరం. అయితే అక్కడికి చేరే నీరు మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదుల ద్వారా వస్తుంది. శబరిలో కలిసే సీలేరుపై జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. భద్రాచలంలో ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన నదికి వరద రాదని చెప్పలేము.

భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక వెలువడుతుంది. ఈ అంకెలు ప్రజలకు కంఠతా వచ్చినవే. కానీ ఇవి గట్టుపై నివసించే గ్రామాలను దృష్టిలో ఉంచుకుని నిర్ణయించినవి; నీటిపై ఉన్న పడవలను దృష్టిలో ఉంచుకుని కాదు. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగి సుమారు 50 మంది మరణించిన రోజున గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే ధవళేశ్వరం వద్ద మొదటి హెచ్చరికకు కావలసిన దానిలో సగమే. ఇంజిన్ ఉన్న పెద్ద పడవనే ఆ ప్రవాహం ముంచివేసినప్పుడు, మనిషి భుజబలంతో కదిలే చిన్న పడవ సంగతి చెప్పనవసరం లేదు. ‘ప్రమాద హెచ్చరిక లేదు కదా’ అన్న ధీమా నదిపై వెళ్లేవారికి ఏ మాత్రం పనికిరాదు.

కాబట్టి గోదావరిపై ఇటువంటి ప్రయాణానికి అనువైన కాలం వరదలు పూర్తిగా తగ్గాక, స్థూలంగా నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు. ఆ కాలంలోనూ బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే ప్రయాణాన్ని వాయిదా వేయాలి. కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో ప్రారంభించిన ‘ఫ్లడ్‌వాచ్ ఇండియా’ యాప్‌లో నీటిమట్టాల సమాచారం, వరద సూచనలు లభిస్తాయి. బయలుదేరే చోటి మట్టం ఒక్కటే చూస్తే చాలదు. ఎగువనున్న కేంద్రాల్లో రెండు మూడు రోజులుగా మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా, నిలకడగా ఉందా అన్నది గమనించాలి. పెరుగుతున్న నదిలోకి చిన్న పడవ దించకూడదు. వాతావరణ శాఖ జారీ చేసే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలను కూడా ఎగువ జిల్లాలకు సంబంధించి పరిశీలించాలి.

పటాన్ని గుడ్డిగా నమ్మడం మరో ప్రమాదం. పోలవరం ప్రాజెక్టు నిర్మాణంలో భాగంగా 2021లో గోదావరి ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. పాత పటంలో కనిపించే దారి నేడు లేదు. ప్రాజెక్టు ఎగువన నీరు నిలవడంతో కొన్ని పాత రేవులు, గ్రామాలు ముంపునకు గురయ్యాయి. అందువల్ల ఎక్కే రేవుతో పాటు దిగే రేవును కూడా ముందుగా స్వయంగా వెళ్లి చూడటం తప్పనిసరి. దిగవలసిన చోటు దాటిపోతే తర్వాత ఏమి ఉన్నదో తెలియని నదిపై ప్రయాణం ప్రారంభించరాదు. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం కూడా కాబట్టి అటవీ శాఖ, జలవనరుల శాఖ, పర్యాటక శాఖల వద్ద అనుమతుల సంగతి ముందే తేల్చుకోవాలి.

చిన్న ఆనకట్టే పెద్ద ఉచ్చు

నదీ విహారంలో ఎక్కువ మంది తక్కువగా అంచనా వేసేది జలపాతాన్ని కాదు, మనిషెత్తు కూడా లేని ఆనకట్టను. ఎగువ నుంచి వచ్చేవారికి అది నీటిపై గీసిన గీతలా కనిపిస్తుంది. దానిపై నుంచి దూకిన నీరు దిగువన అడుగుకు వెళ్లి, పైకి లేచి, తిరిగి ఆనకట్ట వైపే ప్రవహిస్తుంది. ఆ మడుగులో చిక్కుకున్న పడవను, మనిషిని అది మళ్లీ మళ్లీ లోపలికి లాగుతుంది. లైఫ్ జాకెట్ వేసుకున్నవారు సైతం అందులోంచి బయటపడటం కష్టం. రక్షించబోయినవారు కూడా బలైన ఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. దారిలో ఆనకట్ట, చెక్‌డ్యామ్, లోతట్టు కాజ్‌వే ఉంటే చాలా ముందుగానే గట్టుకు చేరి, పడవను మోసుకుంటూ దాటి, దిగువన కాస్త దూరంలో మళ్లీ నీటిలో దించడమే మార్గం.

ఇక్కడే చట్టంలోని ఖాళీ కనిపిస్తుంది. 2021 నాటి ఆనకట్టల భద్రత చట్టం ప్రధానంగా 15 మీటర్లకు మించిన ఎత్తున్న కట్టడాలకు, కొన్ని షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల ఎత్తున్నవాటికి వర్తిస్తుంది. వాటి యజమానులు అత్యవసర కార్యాచరణ ప్రణాళికలు రూపొందించాలి. గ్రామీణ నదులపై ఉన్న చిన్న ఆనకట్టలు, చెక్‌డ్యామ్‌లు ఈ పరిధిలోకి రావు.

పడవల విషయంలోనూ ఇదే పరిస్థితి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ఇంజిన్ ఉన్న పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బంది అర్హతల వంటి సమగ్ర నిబంధనలు పెట్టింది. ఇంజిన్ లేని పడవల నమోదును రాష్ట్రాలు స్థానిక సంస్థలకు అప్పగించేందుకు వీలు కల్పించింది. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2017లో పడవల భద్రతపై మార్గదర్శకాలు జారీ చేసింది. సాహస పర్యాటకానికి 2018లో వెలువడిన జాతీయ మార్గదర్శకాల్లో కయాకింగ్ కూడా ఉంది. కాగితంపై ఏర్పాటు ఉంది. అది పంచాయతీ స్థాయికి, రేవు వరకు దిగిరావడమే మిగిలి ఉంది.

ప్రయాణికుల చేతిలో ఉన్నది

ప్రభుత్వ బాధ్యత ఎంత ఉన్నా నదిలోకి దిగేవారి బాధ్యత తగ్గదు. మొదటిది దూరం, కాలాల లెక్క. కొత్తగా నేర్చినవారు నిలకడ నీటిలో గంటకు నాలుగు కిలోమీటర్ల మేర సాగగలరు. మంచు తొలగాక ఉదయం 8 గంటలకు బయలుదేరి 15 కిలోమీటర్లు వెళ్లదలచుకుంటే తెడ్డు వేయడానికే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. విశ్రాంతికి గంటన్నర కలిపితే మధ్యాహ్నం ఒంటిగంటన్నర అవుతుంది. ఎదురుగాలికి, అలసటకు, పడవ తిరగబడితే పట్టే సమయానికి మరో రెండు గంటలు విడిచిపెట్టాలి. అప్పుడు కూడా శీతాకాలపు సూర్యాస్తమయానికి ముందు తగినంత వెలుగు మిగులుతుంది. ఈ మిగులు లేని ప్రణాళిక చీకట్లో ముగిసే అవకాశం ఉంది.

రెండవది లైఫ్ జాకెట్. అది పడవలో ఉంటే చాలదు, ఒంటిపై ఉండాలి. బకిల్స్ బిగించాక భుజాల వద్ద పట్టి పైకి లాగినప్పుడు గడ్డం దాటి రాకుండా ఉంటేనే అది సరైన కొలత. గాలి నింపిన ట్యూబులు దానికి ప్రత్యామ్నాయం కావు. ఈత వచ్చినవారికి జాకెట్ అక్కరలేదన్న భావన కూడా తప్పు. తలకు దెబ్బ తగిలినా, కండరాలు పట్టేసినా ఈత అక్కరకు రాదు. రాళ్లున్న ప్రవాహంలో హెల్మెట్ తప్పనిసరి.

మూడవది తోడు. ఒంటరిగా వెళ్లడం కన్నా కనీసం మూడు పడవలు కలిసి వెళ్లడం మేలు. ఒకరు ఆపదలో పడితే ఒకరు తోడుండగా మరొకరు సహాయానికి వెళ్లగలుగుతారు. బృందంలో అందరికన్నా నైపుణ్యం తక్కువ ఉన్నవారిని బట్టి నదిని ఎంచుకోవాలి. ప్రవాహాల తీవ్రతను అంతర్జాతీయంగా ఒకటి నుంచి ఆరు వరకు శ్రేణులుగా విభజిస్తారు. శిక్షకుని తోడుతో ఒకటి, రెండు శ్రేణులకు మించి కొత్తవారు వెళ్లరాదు. ప్రతి ఒక్కరి వద్ద ఈల, బృందం వద్ద విసిరే తాడు, అదనపు తెడ్డు, నీరు చొరని సంచిలో పొడి దుస్తులు, ప్రథమ చికిత్స సామగ్రి, తాగునీరు ఉండాలి. మద్యం సేవించి నదిలోకి దిగరాదు.

పడవ తిరగబడితే ఏమి చేయాలన్నది లోతు తక్కువ నీటిలో, శిక్షకుని సమక్షంలో ముందే అభ్యసించాలి. ప్రవాహంలో కొట్టుకుపోతున్నప్పుడు వెల్లకిలా తేలి, కాళ్లు దిగువ వైపుకు చాచి, పాదాలను నీటి పైకి ఉంచాలి. ఉరవడిలో నిలబడే ప్రయత్నం చేస్తే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుని, నీటి తోపుకు మనిషి ముందుకు వాలి మునిగిపోతాడు. పడవను పట్టుకున్నవారు దానికి ఎగువ వైపు ఉండాలి. లేకపోతే పడవకూ రాయికీ మధ్య నలిగిపోయే ప్రమాదం ఉంది. నీటిలో వాలిన చెట్ల కొమ్మలు, జాలరుల వలలు, ఇసుక తవ్వకాలతో ఏర్పడిన గుంతలు మన నదుల్లో తరచుగా ఎదురయ్యేవి. మంజీర, కాళీ, చంబల్ వంటి నదుల్లో మొసళ్లు ఉంటాయి కనుక స్థానికుల హెచ్చరికలను తేలిగ్గా తీసుకోరాదు.

నాలుగవది గట్టుపై ఉండే మనిషి. బృందంలో ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ ఎక్కుతున్నారు, ఎక్కడ, ఎన్ని గంటలకు దిగుతారు అన్న వివరాలు రాసి ఇంట్లోవారికో, ఊరిలో బాధ్యత గల వ్యక్తికో ఇవ్వాలి. ఎంతసేపటికి కబురు రాకపోతే 112కు ఫోన్ చేయాలో అందులోనే పేర్కొనాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో సెల్‌ఫోన్ సంకేతాలు అందని చోట్లు అనేకం. నదిలో ఉన్నవారు పిలవలేనప్పుడు గట్టున ఉన్నవారు కదలడానికి ఆ కాగితమే ఆధారం.

నిషేధం కన్నా సమాచారం

ప్రతి దుర్ఘటన తర్వాత పడవలపై నిషేధం విధించడం, కొంతకాలానికి దానిని సడలించడం పరిపాటిగా మారింది. తాత్కాలిక నిషేధం అవసరమయ్యే సందర్భాలు ఉంటాయి. వానాకాలంలో రిషికేశ్ వద్ద గంగానదిలో రాఫ్టింగ్‌ను నిలిపివేయడం అటువంటిదే. కానీ కాలంతో, నీటిమట్టంతో సంబంధం లేని నిషేధం నదిపై బతికే జాలరి ఉపాధిని దెబ్బతీస్తుంది. రహస్యంగా నదిలోకి దిగేవారిని మాత్రం ఆపలేదు. కచ్చులూరు దుర్ఘటన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పడవల రాకపోకల పర్యవేక్షణకు కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి. ఈ తరహా ఏర్పాటు పర్యాటక పడవలకే పరిమితం కాకుండా చిన్న పడవలకూ విస్తరించవలసి ఉంది.

ఇందుకు భారీ వ్యయం అక్కరలేదు. రేవులో అందరికీ కనిపించేలా నీటిమట్టం చూపే స్తంభం నాటి, చిన్న పడవలు ఏ గీత దాటాక దిగరాదో దానిపై రంగుతో సూచించవచ్చు. ఎగువన నీరు వదిలే సమయాన్ని సైరన్‌తో పాటు సంక్షిప్త సందేశం ద్వారా దిగువ పంచాయతీలకు తెలియజేయవచ్చు. చిన్న ఆనకట్టలకు ఎగువన హెచ్చరిక బోర్డులు పెట్టవచ్చు. ‘ఆపద మిత్ర’ పథకం కింద 350 జిల్లాల్లో లక్ష మంది స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇవ్వాలన్నది కేంద్రం సంకల్పం. నదీ తీర గ్రామాల జాలరి యువకులకు ఇందులో ప్రాధాన్యం కల్పిస్తే వారు రక్షకులుగానూ, శిక్షణ పొందిన మార్గదర్శకులుగానూ ఉపాధి పొందగలరు. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ వంటివి ఇందుకు తోడ్పడగలవు.

నీటి విడుదలను ప్రతిసారీ ముందుగా చెప్పడం సాధ్యం కాదన్న వాదన ఉంది. విద్యుత్ అవసరం, ఆకస్మిక వరద వంటి కారణాలతో తలుపులు ఎత్తవలసి రావచ్చునన్నది నిజమే. అలాంటప్పుడు పాటించవలసిన సూత్రం ఒక్కటే. ఎగువన నీటి పరిస్థితి ఏమిటో తెలియనినాడు పడవ దించకూడదు. సమాచారం అందలేదంటే ఆ రోజు ప్రయాణం లేదని అర్థం చేసుకోవాలి.

మన నదులు పల్లెలకు నీటినే కాక, పర్యాటకం ద్వారా ఉపాధినీ ఇవ్వగలవు. యువతకు ఆరోగ్యకరమైన సాహసాన్ని నేర్పగలవు. ఆ అవకాశం నిలవాలంటే యంత్రాంగం రేవు దాకా సమాచారాన్ని చేర్చాలి. యాత్రికులు ఆ సమాచారం అందేదాకా గట్టునే ఆగే ఓర్పు అలవరచుకోవాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా ఆ మూల్యాన్ని చెల్లించేది ప్రాణాలతోనే.